సుత్తులు ఆగితే మేలుకునే బిడ్డ

"మగపిల్లాడు!" అని యూసుఫ్ గుమ్మంలోంచి అరిచినప్పుడు నేను ఆయన చొక్కాకు గుండీ కుడుతున్నాను. ఆ సంతోషంలో దాన్ని నా కొంగుకు కలిపి కుట్టేశాను. పెళ్ళయి నలభై రోజులే; ఆయన నవ్వితే నా చేతిలో సూది నిలవదు.

ఆయన అక్క గుల్జార్‌బీ ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. పుట్టిన బిడ్డ చెవిలో మా మామగారు లాల్ అహ్మద్ అజాన్ వినిపించారు. సుత్తి దెబ్బలకు చెవులు మందగించిన మనిషి. ఆ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. బిడ్డ మాత్రం కదలలేదు.

ఐదో రోజున మా అత్తగారు పీరాంబీ ఊయల పక్కన ఇత్తడి పళ్ళెం మోగించింది. నేను ఉలిక్కిపడ్డాను. వాడు నిద్రలోనే పెదవులు చప్పరించాడు, అంతే.

"తాత సెవుడే దిగింది" అంటూ అత్తగారు కూలబడింది.

ఏడో రోజున పేరు పెట్టడానికి వదిన అత్తవారు రావాలి. "ఆళ్ళకేటని సెప్పను?" అని గుల్జార్‌బీ గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు.

మర్నాడంతా నేను ఊయల దగ్గరే కూర్చున్నాను. కాలేజీలో పసిబిడ్డ మనసు గురించి రెండు పేజీలు చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ పేజీల్లో ఇంత చిన్న గోళ్ళు లేవు.

గోడ అవతలే మా దుకాణం. యుద్ధం వల్ల కొత్త రేకు దొరక్క, మామగారూ పనివాడు ఇసాకూ రోజంతా పాత బెల్లం పెనాలకు మాట్లు వేస్తుంటారు. మధ్యాహ్నం నమాజుకని సుత్తులు ఆగాయి. వాడు కళ్ళు తెరిచాడు, నుదురు ముడిచాడు, ఏడుపు అందుకున్నాడు. సుత్తులు మళ్ళీ మొదలయ్యాయి. నిద్రపోయాడు!

నేను గుల్జార్‌బీ మంచం దగ్గరకు పరుగెత్తాను.

"వదినా, కాన్పుకు ముందు ఎక్కడ కూర్చునేదానివి?"

"ఈ గోడకే సేరబడి. ఇంకెక్కడ?"

సాయంత్రం నమాజుకు సుత్తులు ఆగి వాడు ఏడవగానే, వదినను ఊయలకు అటుపక్క నిలబెట్టి మెల్లిగా పిలవమన్నాను.

"నా తండ్రీ..."

ఏడుపు ఆగింది. మెడ నిలవని ఆ చిన్న తల తల్లి గొంతు వైపు మెల్లగా తిరిగింది. నేను ఇటునుంచి ఎంత ముద్దుగా పిలిచినా లెక్కచేయలేదు.

పుట్టి ఆరు రోజులే. కానీ ఎప్పటినుంచి వింటున్నాడో! ఎవరికీ కనిపించని ఆ చీకట్లో తల్లి మాట నేర్చుకున్నాడు, సుత్తులకు అలవాటు పడ్డాడు. నా పెళ్ళి బాజాలు కూడా విన్నాడేమో!

"కడుపులోనే ఇనేసేడా! ఇదేటి సోద్యం!" అంది అత్తగారు.

"నువ్వు నాన్నని తిట్టినయన్నీ ఇనుంటాడమ్మా" అన్నాడు యూసుఫ్.

గుల్జార్‌బీ నవ్వింది. కంచం తెమ్మంది.

యూసుఫ్ మామగారి చెవిలో సంగతంతా అరిచి చెప్పాడు. ఆయన తువ్వాలుతో చాలాసేపు ముఖం తుడుచుకుని, ఇల్లంతా అదిరేలా అన్నారు:

"రేపు దుకాణం మూసేద్దారనుకున్నాను. మూయొద్దు. సుట్టాలు కూసున్నంతసేపూ ఇసాకు పెనం కొడతానే ఉంటాడు. పేరెట్టే ఏళకి ఆపెయ్యండి, ఆడు మేలుకుంటాడు. నేను అరవను. పేరు ఆళ్ళమ్మే సెబుతాది, మెల్లిగా."