మంచునీళ్ల సీసాలకు మోకు ముడి

తొంభై నాలుగు ఎండాకాలంలో మహమూదా మేడమ్ ఉత్తర ధ్రువం దగ్గరి నుంచి అరవై సీసాల నీళ్లు ఐదు పెట్టెల్లో తెచ్చి ఒమన్‌లోని ఖురం ఆఫీసు చల్లగదిలో పెట్టించింది. మన దేశం ఉత్తరపు కొసన ముసందంలో సముద్రం కొండల సందుల్లోకి దూరినట్టే అక్కడా దూరుతుందనీ, కాకపోతే ఆ కొండల మీది మంచు కరిగి ఏర్లై దిగుతుందనీ ఆమె హిందీలో చెప్పింది. సగం సీసాలు ఆ సముద్రపు పాయవి, సగం ఆ మంచు ఏర్లవి. ఒక్కో సీసాకూ రబ్బరు బిరడా, దానిమీద సన్నతీగ కట్టు. తాగడానికి కాని నీళ్లకు ఇంత మర్యాదేమిటో, వాటిని మోసిన భూమయ్యకు అంతుబట్టలేదు. జగిత్యాల దగ్గర ఇరవై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసి, మోకాళ్లు పోయాక ఒమన్ వచ్చిన మనిషి.

శుక్రవారం సెలవు. డ్యూటీలో భూమయ్య ఒక్కడే ఉన్నాడు. పదకొండింటికి చల్లగది మిషన్ ఆగిపోయింది. మేడమ్ సూర్ అనే ఊరికి వెళ్లింది. మెకానిక్ వహీద్ నమాజు అయ్యాక వస్తానన్నాడు. కాసేపటికి గది వెచ్చబడి, సీసాల లోపలి గోడలకు ఆవగింజలంత బుడగలు పట్టాయి. భూమయ్యకు చెమట పట్టింది. ఎండలో బిగించిపెట్టిన కల్లు సీసా పేలి ఆయన బామ్మర్ది కన్ను పోయింది మరి. ఒక్కో సీసా తీగ విప్పి, బిరడా కొంచెం లేపి, గాలి పోనిచ్చి, మళ్లీ నొక్కి కట్టాడు. నాలుగో పెట్టె సగమయ్యేసరికి వహీద్ వచ్చి మిషన్ నడిపించాడు. సామాను కాపాడానన్న తృప్తితో భూమయ్య రూముకి పోయి కడుపునిండా తిన్నాడు.

మర్నాడు ల్యాబులో పనిచేసే ఆనందబాబుకి ఈ సంగతి గొప్పగా చెప్పాడు. ఆయనది భీమవరం. విని, చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాడు. మేడమ్ వెతుకుతున్నది ఆ గాలినే అన్నాడు. మీథేన్, బొగ్గుపులుసు వాయువు. చల్లగా ఉన్నంతసేపు నీళ్లు వాటిని పట్టుకుంటాయి, వేడెక్కితే వదిలేస్తాయి. వదిలింది ఆకాశానికి చేరి భూమి వేడిని బయటికి పోనివ్వదు. అక్కడి నీళ్లలో అదెంత ఉందో తేల్చడానికే ఆమె రెండు నెలలు ఓడ మీద ఉంది.

"పొద్దుగాల కల్లు సప్పుడు చెయ్యది, ఎండెక్కినంక బుస్సుమంటది. గదే కదా బాబు సారూ?"

"అదే. నువ్వు బుస్సుమనిపించేశావు. ఇంక నోరు మూసుకో భూమయ్యా. గాలి కొలిచే మిషను ఎంత చూపిస్తే అంత రాసుకుంటారు, ఎవరికి తెలుస్తుంది? చెప్పావంటే వీసా క్యాన్సిల్."

వీసా పోతే మళ్లీ తాటిచెట్టెక్కాలి. ఆ మోకాళ్లతో ఎక్కలేడు. రెండు రోజులు నోరు మూసుకునే ఉన్నాడు.

సోమవారం మేడమ్ గాలి కొలిచే మిషన్ దగ్గర కూర్చుని సీసాలు తెమ్మంది. మొదటి పెట్టె దించుతుంటే, ఈ మంచు ఏటి నీళ్లు ముంచినప్పుడు చలికి తన వేళ్లు పూటంతా పనిచేయలేదని చెప్పింది. భూమయ్య పెట్టె వదల్లేదు. ఆ మంచు ఏట్లో గాలి లేదని కాగితం మీద పడితే, అంత దూరం పోయి మళ్లీ ఎవరు ముంచి చూస్తారు?

"మేడమ్, గీ సీసాలు నేను తెరిసిన. శుక్రారం మిషన్ బందయింది. పేలుతయని గాలి తీసిన."

ఆమె పెట్టెలోంచి ఒక సీసా తీసి తీగకట్టు చూసింది. అన్నీ తెరిచావా అని అడిగింది.

"లేదు మేడమ్. నేను తెరిసినవాటికి ముడి నాది."

మేడమ్ ఓడ మీద తీగను ఊరికే మెలితిప్పి వదిలింది. భూమయ్య చేయి మాత్రం అలవాటుగా, తాటిచెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే మోకుకు వేసే ముడి వేసింది. ఇద్దరూ కూర్చుని వేరు చేశారు. ఆయన ముడి ఉన్నవి నలభై మూడు. లేనివి పదిహేడు.

మేడమ్ చల్లగది తాళంచెవి ఆయన దగ్గర తీసుకుని ఆనందబాబుని పిలిచి ఇచ్చింది. ఆనందబాబు పైకప్పు కేసి చూశాడు. నలభై మూడూ తొట్టిలో పారబోయమంది. భూమయ్య ఒక్కొక్కటే వంచుతుంటే ఆమె పుస్తకంలో ఒక్కో నంబరూ కొట్టేసింది. ఆఖరి సీసా వంచి వేలు తడిచేసుకుని నాలుకకి రాసుకున్నాడు. ఉప్పు లేదు. ఏటి నీళ్లు.

రేపు రావాలా వద్దా అని తలుపు దగ్గర నిలబడి అడిగాడు.

"రా," అంది మేడమ్, పుస్తకంలోంచి తలెత్తకుండా. "పదిహేడున్నాయి. నువ్వు పట్టుకో. తీగ నేను విప్పుతాను."