కుట్లకు పట్టని రంగు

“బట్టంతా నల్లగా పట్టింది, కుట్లు మాత్రం తెల్లగానే ఉండిపోయాయి. ఇదేం పనితనమమ్మా?” అంది కోటు తీసుకోవడానికి వచ్చినావిడ.

పాత బట్టలకు రంగులు వేసే దుకాణం చిన్నమ్మాయిది. ఈ మాట ఆమెకు కొత్త కాదు. కోటును బల్ల మీద పరిచి, భుజం దగ్గర కుట్టు వెంబడి గోరు పోనిచ్చింది.

“బట్ట నూలుదండీ. కుట్టిన దారం పాలిస్టరు. రెండూ ఒకే తొట్టిలో, ఒకే వేడిలో నానాయి. కానీ ఈ రంగు నూలుకే పడుతుంది. దారానికి వేరే రంగు కావాలి, నీళ్ళు బాగా మరగాలి. ఇచ్చేటప్పుడే చెప్పాను మీకు.”

“చెప్పావులే, నేనే వినిపించుకోలేదు.” ఆవిడ కోటు తొడుక్కుని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. “ఏదైతేనేం, బాగానే ఉంది. కావాలని వేయించుకున్నాననుకుంటారు.”

ఆవిడ అటు వెళ్ళగానే పెద్దమ్మాయి అన్నం డబ్బాతో లోపలికి వచ్చింది. పక్క వీధిలో కళ్ళద్దాల కొట్లో పనిచేస్తుంది. మధ్యాహ్నం భోజనం ఇద్దరూ ఇక్కడే చేస్తారు.

“ఎలా ఉందే ఇవాళ?” గుమ్మంలోనే అడిగింది, మొహమంతా నవ్వు చేసుకుని.

“బాగుందక్కా.”

“నే చెప్పలా! ఆ మాత్ర మహిమ. చేతులు కడుక్కుని రా.”

వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు. పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అన్నవి అత్తగారు పిలిచిన పిలుపులు. ఆవిడ మంచాన పడితే రెండేళ్ళు ఇద్దరూ వంతులేసుకుని చూశారు. ఒకరు దుప్పటి మారుస్తుంటే ఒకరు ఆవిడను పక్కకు తిప్పి పట్టుకునేవాళ్ళు. ఆవిడ పోయింది, పిలుపులు మిగిలాయి.

ముందు కుంగిపోయింది పెద్దమ్మాయి. పొయ్యి ముందు నిలబడి, పొయ్యి వెలిగించకుండా గంటసేపు గిన్నెకేసి చూస్తూ ఉండిపోయేది. డాక్టరమ్మ ఒక చిన్న తెల్ల మాత్ర రాసింది. మూడో వారంలో ఒకరోజు, మెట్ల మీద తడి బకెట్టు పెట్టినందుకు పైవాటా ఆవిడను పెద్దమ్మాయి కడిగి పారేసింది. ఆ కేకలు విని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. మనిషి మళ్ళీ మనిషైంది.

మరుసటి ఏడు చిన్నమ్మాయికి అదే దిగులు వచ్చినప్పుడు, పెద్దమ్మాయి ఆమెను చెయ్యి పట్టుకుని అదే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళింది. “నాకు పట్టిందే దీనికీ రాయండి,” అంది కుర్చీలో కూర్చోకముందే. డాక్టరమ్మ నవ్వి, తను అడగాల్సినవన్నీ అడిగి, చివరకు ఆ మాత్రతోనే మొదలుపెట్టింది.

ఇప్పటికి నెలన్నర దాటింది. నోరు ఎండిపోవడం తప్ప ఆ మాత్ర వల్ల చిన్నమ్మాయికి తెలిసిందేమీ లేదు. తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుంది. కిటికీ తెర మెల్లగా తెల్లబడుతుంటే, గుండెల మీద తిరగలి రాయి పెట్టుకున్నట్టు కదలకుండా పడుకుని ఉంటుంది. దుకాణంలో పని మాత్రం ఆగలేదు. ఎవరైనా గుడ్డముక్క చూపిస్తే ఆ ఛాయకు ఏమేం కలపాలో చేతులే చేసుకుపోతాయి. ఎరుపును చూసి ఎరుపని గుర్తుపడుతుంది. అంతే, అంతకుమించి ఆ ఎరుపు ఆమెను కదిలించదు.

మూడో వారంలో పెద్దమ్మాయి ఇలాగే నవ్వుమొహంతో వచ్చి “ఎలా ఉందే?” అంటే, “కాస్త నయమక్కా,” అని నోరు జారింది. సాయంత్రానికల్లా ఆ మాట చుట్టాలందరికీ ఫోన్లలో వెళ్ళిపోయింది. చిన్నమ్మాయి భర్త గడ్డం గీసుకుంటూ ఈల వేయడం మొదలుపెట్టాడు. అంతమంది సంతోషం మధ్య ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి ఆమెకు సందు దొరకలేదు.

అక్కకు పని చేసిన మందు తనకు చేయలేదంటే లోపం తనలోనే ఉండాలి. ఒకే అత్తగారు, ఒకే చాకిరీ, ఒకే మాత్ర. రేపు డాక్టరమ్మ దగ్గర “నాకు బాగైపోయింది, ఇక చాలు,” అనేసి మాత్ర మానేద్దామనుకుంది. ఆ తర్వాత నవ్వుతూ తిరగడం ఒక్కటే మిగిలిన పని. అది అలవాటవుతూనే ఉంది.

భోజనం అయ్యాక దుకాణం మూసి ఆడపడుచు పనిచేసే చోటికి బయల్దేరింది. ఆవిడ తన తెల్లకోటు మీద మరకలు పోవడం లేదని, ముదురు నీలం వేయమని ఇచ్చింది. ఆవిడ మెదడు మీద పరిశోధన చేస్తుంది. తమ్ముళ్ళిద్దరూ ఆవిడను ఎలకల డాక్టరంటారు. పండ్లు నొప్పెడితే ఎలకలు ఏ వైపు బుగ్గ పట్టుకుంటాయని అడిగి ఏడిపిస్తారు.

“రా అమ్మాయ్, చెప్పులు అక్కడ విడిచి ఇవి వేసుకో,” అంటూ ఆవిడ చీకటిగా ఉన్న చిన్న గదిలోకి తీసుకెళ్ళింది. మైక్రోస్కోపు పక్కన స్క్రీను వెలుగుతోంది. “ఒక్క ఐదు నిమిషాలు. ఈ స్లైడు వదిలేస్తే రంగు వెలిసిపోతుంది.”

రంగన్న మాట విని చిన్నమ్మాయి స్క్రీను వైపు వంగింది. నల్లటి మైదానంలో అక్కడొకటి ఇక్కడొకటి ఆకుపచ్చ చుక్కలు. ఒక్కో చుక్కకూ సన్నటి వేళ్ళలాంటి పోగులు.

“ఏమిటివి వదినా?”

“ఎలక మెదడు. వెంట్రుక మందాన కోసిన ముక్క. ఆ పచ్చనివి ఒక రకం కణాలు.”

“ఇన్నేనా ఉండేది? మిగతాదంతా ఖాళీయేనా?”

“ఖాళీ ఏమిటి, కిక్కిరిసి ఉంటాయి. ఈ రంగు వాటికి పట్టదు. ఈ ఒక్క జాతికే పడుతుంది. వేరే జాతిని చూడాలంటే వేరే రంగు వేయాలి.”

చిన్నమ్మాయి చుక్కల మధ్య నల్లటి చోట వేలు పెట్టి చూసింది. తర్వాత, “ఈ కణాలు ఏం చేస్తాయి?” అంది.

“అదే చూస్తున్నాం. ఈ ఎలకలన్నిటినీ ఒకే రకంగా ఇబ్బందిపెట్టాం, పాపం. కొన్ని దిగులుపడి తీపినీళ్ళు కూడా ముట్టడం మానేశాయి. కొన్ని మామూలుగానే తాగాయి.”

“అంటే గుండె గట్టివి, గుండె మెత్తవి అనా?”

“ఆ మాట మా దగ్గర ఎవరూ అనరు. ఏ రకం కణం ఎలా స్పందించిందన్నదే ప్రశ్న. దిగులుపడిన వాటికి దిగులు మందు ఇచ్చాం. చాలావాటికి పట్టింది. కానీ ఈ పచ్చ కణాల్లో ఒక్క పదార్థం తీసేసిన ఎలకలున్నాయి చూడూ, వాటికి అదే మందు, అన్నే రోజులు ఇచ్చినా చలనం లేదు.”

“అవి సరిగ్గా ప్రయత్నం చేయలేదేమో.”

ఆడపడుచు ఫక్కున నవ్వింది. “మందు పట్టడానికి ఎలక ఏం ప్రయత్నం చేస్తుందే? ఉదయం లేచి పట్టుదలగా ఉండాలనుకుంటుందా?”

చిన్నమ్మాయి నవ్వలేదు. “మరి పట్టని వాటినేం చేస్తారు?”

“వేరే మందు చూస్తాం. వేరే రకం కణాల మీద పనిచేసేది.”

“తిట్టరా?”

ఆవిడ మైక్రోస్కోపు మీద నుంచి చెయ్యి తీసేసింది. స్క్రీను వెలుగులో మరదలి మొహంలోకి చూసింది. చిన్నమ్మాయి సంచిలోంచి నీలం కోటు తీసి బల్ల మీద పెట్టి, జేబు అంచును సవరించసాగింది.

“కుట్లకు పట్టలేదు వదినా,” అంది తల ఎత్తకుండా.

“నేను కోటు సంగతి అడగడం లేదు.”

“నాకు తెలుసు.”

ఆడపడుచు ఇంకో స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

“అసలు పట్టలేదా? కొంచెం కూడా?”

“నోరెండిపోతోంది. అంతే. అక్కకు మూడు వారాల్లో నయమైంది. నేను బాగుందని చెప్పేశాను. ఇప్పుడు లేదంటే అక్క మొహం ఎలా అయిపోతుందో మీకు తెలీదు.”

“తెలీకేం, దాని మొహం నేను చూళ్ళేదా.” ఆవిడ కోటు చేతిలోకి తీసుకుంది. “నా ఎలకల్ని చూసి నీకు మందు మారుద్దామనడం లేదు. ఎలక ఎలకే, మనిషి మనిషే. నీ తలలో ఏ కణం ఏం చేస్తోందో చూసి చెప్పే యంత్రం మా దగ్గర లేదు, మీ డాక్టరమ్మ దగ్గరా లేదు. అందుకే ఆవిడ నిన్ను అడుగుతుంది. నువ్వు బాగుందంటే ఆవిడ బాగుందనే రాసుకుంటుంది. ఇంకేం చేస్తుంది చెప్పు?”

“మానేద్దామనుకున్నాను.”

“నీ అంతట నువ్వు మానకు. పట్టలేదని చెప్పు. ఒక్క మాట. మిగతాది ఆవిడ చూసుకుంటుంది.”

ఆవిడ కోటు తొడుక్కుంది. ముదురు నీలం మీద తెల్లటి కుట్లు గీతలు గీసినట్టున్నాయి.

“మళ్ళీ వేస్తానివ్వండి, దారానికి వేరే రంగుంది.”

“వేద్దువుగాని, తొందరేం లేదు. మా తమ్ముళ్ళిద్దరూ చూసి నవ్వుకోనీ, రేపు పంపిస్తాను.”

మర్నాడు ఆస్పత్రికి పెద్దమ్మాయి కూడా వచ్చింది. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. లోపలికి వెళ్ళగానే డాక్టరమ్మ చిన్నమ్మాయి వైపు తిరిగి, “ఎలా ఉందమ్మా?” అంది.

“చాలా బాగుందండీ,” అంది పెద్దమ్మాయి. “అచ్చం నాకులాగే, మూడో వారానికల్లా...”

“ఆమెను చెప్పనివ్వండి.”

చిన్నమ్మాయి ఒడిలో ఉన్న తన చేతులు చూసుకుంది. గోళ్ళ చుట్టూ నీలం ఇంకా ఉంది. అది ఎంత తోమినా పోలేదు. తన చర్మానికి మాత్రం ప్రతి రంగూ పడుతుంది.

“పట్టలేదండీ,” అంది.

పెద్దమ్మాయి చటుక్కున ఆమె వైపు తిరిగింది.

డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు. నిద్ర గురించి, ఆకలి గురించి అడిగింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని మామూలు గొంతుతో అడిగింది. లేదని, లేవాలనే అనిపించడం లేదని చిన్నమ్మాయి చెప్పింది. “మొదటి మందు అందరికీ పట్టదమ్మా. మీ ఇద్దరూ ఒకింటి వాళ్ళే గానీ ఒక తల కాదు కదా,” అంటూ ఈ మాత్ర మెల్లగా తగ్గించి ఇంకోటి ఎలా మొదలుపెట్టాలో వివరంగా చెప్పింది. అదీ పట్టకపోతే ఏం చేద్దామో కూడా చెప్పింది.

బయటకు వచ్చాక పెద్దమ్మాయి నాలుగడుగులు ముందు నడిచింది. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడితే ఆగక తప్పలేదు.

“దొంగమొహమా,” అంది రోడ్డు వైపే చూస్తూ. “రోజూ నాతో అన్నం తింటూ బాగుందక్కా, బాగుందక్కా! నేనేమో ఊరంతా చాటుకున్నాను.”

“అందుకే చెప్పలేకపోయాను.”

“నేనేమైనా కొడతానా?”

“కొడితే నయం. నువ్వు నవ్వుతావు. అడగడానికి ముందే నవ్వేస్తావు. ఆ నవ్వు చూశాక బాగోలేదని ఎలా చెప్పమంటావు?”

పచ్చదీపం పడింది. జనం వాళ్ళను దాటుకుని పోతున్నారు. పెద్దమ్మాయి కదల్లేదు. పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

“అయితే ఇక అడగనులే.”

“అడుగక్కా. అడగడం మానకు.”

మళ్ళీ ఎర్రదీపం పడేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

మరుసటి మధ్యాహ్నం చిన్నమ్మాయి పొయ్యి ముందు కూర్చుని ఆడపడుచు కోటు కుట్ల కోసం నీళ్ళు మరగబెడుతోంది. అన్నం డబ్బాతో పెద్దమ్మాయి గుమ్మంలో ఆగింది. పెదవులు బిగించింది, కనుబొమలు ముడిచింది. చలానా రాయడానికి వచ్చిన పోలీసులా మొహం పెట్టి గొంతు సవరించుకుంది.

“ఎలా ఉందే?”

చిన్నమ్మాయి పొయ్యి మంట తగ్గించి ఆ మొహం చూసింది. ఆవిరి వల్లో ఏమో, కళ్ళు తడిశాయి.

“బాగోలేదక్కా.”

“సరే,” అంది పెద్దమ్మాయి. స్టూలు లాక్కుని తొట్టి పక్కనే కూర్చుని డబ్బా మూత తీసింది. “అయితే ఇవాళ ఈ పొయ్యి దగ్గరే తిందాం. లేవకు.”