పనస పలక మీద మూడు గాట్లు

పలాస ఇంజన్ షెడ్డులో నాకన్నా మంచి ఫిట్టరు లేడు. ఇది గొప్ప కాదు. చెప్పవలసిన వాళ్ళు నోరు విప్పలేదు గనక నేనే చెప్పుకోవాల్సి వస్తోంది. ఉలి పట్టినా, ఆకురాయి పట్టినా ఈ సన్యాసయ్య చెయ్యి వెంట్రుకవాసి తప్పదు. అంతటి చెయ్యీ ఒకసారి నన్ను పట్టించింది.

పందొమ్మిదివందల ఇరవై తొమ్మిదో సంవత్సరం. యార్డులో రైలుపెట్టెలు ముందుకీ వెనక్కీ తోయడానికి ఒక బుడ్డ ఇంజన్ ఉండేది. దాన్ని మేం పొట్టెమ్మ అనేవాళ్ళం. పదహారేళ్ళుగా దాన్ని నడిపినవాడు జక్కయ్య. మిషన్ గుడిలో ఆదివారం లేచి ప్రార్థన చెప్పే మనిషి, కల్లు వాసన కూడా పడదు. మతాలు వేరైనా మేమిద్దరం బావా అంటే బావా అనుకునేవాళ్ళం.

పొట్టెమ్మకు వెనక బొగ్గుపెట్టె చిన్నది. పూటకు మూడుసార్లు బొగ్గుకి వెళ్ళడం ఫోర్మన్‌కి నచ్చలేదు. "దానికేటి, నాను సూత్తాను" అని ఎవరూ అడక్కుండానే నేనే ముందుకొచ్చాను. పనస పలకలు కోసి, బొగ్గుపెట్టె చుట్టూ రెండడుగుల ఎత్తున దడి కట్టాను. ఇక రోజంతా బొగ్గుకి లోటు లేదు. అందరూ భేష్ అన్నారు, జక్కయ్య ఒక్కడు తప్ప.

"ఎనక అగుపడతం నేదురా బావా. కిటికీకి అడ్డొచ్చేత్తంది," అన్నాడు.

"మెడ సాసి సూడు. కొంగకున్నపాటి మెడ నేదేటి నీకు?" అన్నాను. అందరూ నవ్వారు. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను.

నాలుగు నెలలకి, ఒక ఉదయం పొట్టెమ్మ వెనక్కి వస్తూంటే పట్టాల దారి మార్చే కాంటావాలా పోలారావు పట్టాల మధ్య ఉన్నాడు. జక్కయ్యకు కనబడలేదు. పోలారావు ప్రాణం దక్కింది గాని కుడికాలు మోకాలి కింద పోయింది.

ఆ మధ్యాహ్నమే ఫోర్మన్ నాచేత పలకలు ఊడదీయించాడు. కంపెనీ హుకుం లేకుండా బిగించినవి కదా. పొట్టెమ్మను మరమ్మతుకని పెద్ద కార్ఖానాకు పంపించేశాడు. "పలకలన్నమాట ఎవడైనా ఎత్తాడా, వాడి ఉద్యోగం ఆ రోజుతో సరి," అన్నాడు. నేను ఎత్తలేదు.

పది రోజులకు విచారణకి ఒక కంపెనీ దొర తన రైలుపెట్టెలోనే వచ్చి, పక్క సైడింగులో మకాం పెట్టాడు. మునిషీ దగ్గర నేర్చుకున్న తెలుగు, పుస్తకం చదివినట్టు మాట్లాడేవాడు. ఆయన మేజాబల్ల మీద ఒక బొమ్మ ఇంజన్ ఉంది. జానెడున్నర పొడవు, కీ ఇస్తే పరుగెడుతుంది. ఏ కొలత చూసినా అడుగుకి అర అంగుళం లెక్కన అచ్చంగా పొట్టెమ్మ జాతిదే. సీమలో చేసిందట. దాని వెనక ఒక అగ్గిపుల్ల నిలబెట్టి, అదే పోలారావు అన్నాడు. వంగి డ్రైవరు చోటు నుంచి వెనక కిటికీలోంచి చూశాడు.

"మనుష్యుడు చక్కగా కనబడుచున్నాడు. నీవు నిద్రించితివా, త్రాగితివా?"

జక్కయ్య ముఖం తెల్లబోయింది. "బొగ్గు అడ్డొచ్చింది బాబూ. పలకలేసి ఎత్తు చేసినారు," అన్నాడు.

"పలకలా? అలాంటివేమీ లేవు," అన్నాడు ఫోర్మన్.

"ఎవరు వేసిరి?"

జక్కయ్య నావైపు చూడనైనా చూడలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. మర్నాడు సాయంత్రం తీర్పు చదువుతానన్నాడు దొర. తాగి బండి నడిపాడన్న మాట పడితే జక్కయ్యకు ఉద్యోగమే కాదు, గుడిలో ముఖం కూడా ఉండదు.

మర్నాడు పొద్దున్న దేవుడు తలుపు తట్టాడు. బొమ్మ ఇంజన్ స్ప్రింగు బిగిసిపోయిందని, చిన్న పనులు తెలిసినవాడు కావాలని దొర కబురు పెట్టాడు. ఇంకెవడున్నాడు? బొమ్మను నా చేతిలో పెట్టి, ఆయన మందస వైపు వంతెనలు చూడడానికి వెళ్ళిపోయాడు.

స్ప్రింగు గంటలో దారికొచ్చింది. అప్పుడు ఆ బొమ్మను ఎదురుగా పెట్టుకుని చూశాను. ఆకుపచ్చ రంగు, బంగారు గీతలు, పెళ్ళికూతురిలా ఉంది. మా పొట్టెమ్మ ఎప్పుడైనా ఇలా ఉందా? దీన్ని చూసి మా జక్కయ్యకి తీర్పు చెబుతాడా? నాకు ఒళ్ళు మండింది.

వట్టి పలకలు మాత్రం అంటిస్తే, అప్పటికప్పుడు కల్పించి అంటించానని దొర అనుకుంటాడు. పొట్టెమ్మ ప్రతి మచ్చతోనూ ఆయన ముందు నిలబడితే పలకల్ని కూడా నమ్మక తప్పదు. అలా అనుకుని పనిలోకి దిగాను. దొరగారి వస్తువు కదా అన్న భయం ఒక్క క్షణంలో ఎగిరిపోయింది.

పొట్టెమ్మ పొగగొట్టం పైన ఇత్తడి కిరీటం ఏనాడో ఊడిపోయింది. బొమ్మకీ కోసేశాను. భుజం వానకి తడుస్తోందని జక్కయ్య పొట్టెమ్మకి కుడివైపు రేకు చూరు వేసుకున్నాడు. పొగాకు డబ్బా రేకు కత్తిరించి అదీ పెట్టాను. ఎడమ మెట్టు వంగి ఉండేది, దీనిదీ వంచాను. దీపపు మసిని నూనెలో కలిపి ఆ బంగారు గీతల మీద పూస్తూంటే నాకు చెప్పలేని సంతోషం కలిగింది. చివరికి పనస చెక్కని తమలపాకంత పల్చగా చీల్చి, సరిగ్గా అంగుళం ఎత్తున వెనక దడి కట్టాను. అసలు బొగ్గే నలగ్గొట్టి అందులో నింపాను.

పొట్టెమ్మ నా బల్ల మీదకు వచ్చి కూచుంది.

చేస్తున్నంతసేపూ సాయంత్రం చెప్పవలసిన మాట గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. పలకలు ఉండేవని చెబుతాను. ఎవరు వేశారంటే నేను చేరకముందు నుంచీ ఉన్నాయంటాను. జక్కయ్యా బతుకుతాడు, నేనూ బతుకుతాను. ఆ ఆలోచనలో ఉండగానే నా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

సాయంత్రం దొర బొమ్మను చూసి కందగడ్డలా అయిపోయాడు.

"నా ఇంజనును ఏమి చేసితివి?"

"బాబూ, అది సీమ ఇంజన్. ఇది పలాస ఇంజన్. కొట్టదలిస్తే కొట్టండి గాని, ఒక్కపాలి కిటికీలోంచి సూడండి," అన్నాను.

ఆయన నన్ను తినేసేలా చూశాడు. అయినా వంగాడు. అగ్గిపుల్ల నిలబెట్టాడు. ఒక కన్నుతో చూశాడు, మరో కన్నుతో చూశాడు. వెనక నల్లటి బొగ్గు తప్ప ఏమీ లేదు.

"అంతా కట్టుకథ సార్! ఆ పలకలు వీడు ఇవాళ పుట్టించాడు," అన్నాడు ఫోర్మన్.

"ఆ పలకలు ఎచ్చట?" అన్నాడు దొర.

అదే నాకు కావాలి. ఊడదీసిన పలకల్ని ఫోర్మన్ ఎవరికి ఇచ్చాడో నాకు తెలుసు. స్టేషన్ గేటు బయట బొడ్డమ్మ కొబ్బరిబొండాల కొట్టు ముందు రెండు కొత్త బల్లలున్నాయి. అందర్నీ అక్కడికి తీసుకెళ్ళాను. దొర దండు వస్తూంటే బొడ్డమ్మ బెదిరిపోయి, "నా బల్లలు ఒగ్గీండి బాబో! పోర్మను బాబే ఇచ్చినాడు!" అని అరిచింది. ఫోర్మన్ ముఖం చూడాలి అప్పుడు.

దొర బల్ల తిరగేశాడు. బోల్టు బెజ్జాలున్నాయి, బొగ్గు మరకలున్నాయి. ఎడమ మూలన వేలు ఆగింది. అక్కడ వరసగా మూడు గాట్లు. ఆయన చేతిలోని బొమ్మను ఎత్తి పట్టుకున్నాడు. చిన్న పలకకీ ఎడమ మూలన అవే మూడు గాట్లు, చీమ కాళ్ళంత.

అవి మా ఇంటి గాట్లు. తాతది ఒకటి, నాన్నది ఒకటి, నాది ఒకటి. ఏ పని ముగిసినా ఆకురాయితో మూడుసార్లు గీసి, కళ్ళకద్దుకుని లేవడం మా వాడుక. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు, అక్కడా, ఇక్కడా.

"ఈ గురుతు ఎవరిది?" అన్నాడు దొర. షెడ్డు వాళ్ళందరికీ తెలుసు. దొర జక్కయ్య వైపు తిరిగాడు. "నీవు ఎరుగుదువా?"

"నాను ఎరగను బాబూ," అన్నాడు జక్కయ్య.

పదహారేళ్ళలో ఆ మనిషి నోట అబద్ధం నేను వినలేదు. నాకోసం ఆడాడు, కొంగ మెడ అని వెక్కిరించిన నాకోసం.

"నాదే బాబూ. పలకలేసినోణ్ణి నాను. అగుపడదని జక్కయ్య అప్పుడే సెప్పినాడు. నానే ఇన్నేదు," అన్నాను.

ఆ సాయంత్రమే జక్కయ్య పేరు మీది మచ్చ పోయింది, ఉద్యోగం నిలిచింది. ఫోర్మన్‌ని ఎక్కడికో మార్చారు. నా ఉద్యోగం పోయింది. దొర బొమ్మను పాతరూపుకి తెమ్మనలేదు. అలాగే పట్టుకుపోయాడు.

నేను టెక్కలి రోడ్డు మీద కొలిమి పెట్టుకున్నాను. ఆదివారం గుడి అయ్యాక జక్కయ్య వచ్చి అరుగు మీద కూచున్నాడు.

"ఆ గాట్లెట్టకపోతే నీ పని ఉండీది గదరా బావా," అన్నాడు.

"నీది ఊడీది," అన్నాను.

నా చేతిలో పని ఉంది. పోలారావుకి చంకకర్ర చేస్తున్నాను, పనసకర్రతోనే. చంక కింద ఒరుసుకోకుండా నున్నగా తోమి, కొబ్బరి పీచు చుట్టాను. అయిపోయాక ఆకురాయి తీసి కాసేపు ఆగాను. గాట్లు పెడితే, పోలారావు ఆ కర్రను చూసినప్పుడల్లా ఎవరి పలకల వల్ల కాలు పోయిందో గుర్తొస్తుంది.

మూడు గాట్లు గీశాను. ఈసారి గీసింది చెయ్యి కాదు, నేనే.