ఇంటి కరెంటు కారు

కూర్మమ్మ కొడుకు త్రినాథ్‌కి రాజాంలో బియ్యం దుకాణం. నిరుడు పెట్రోలు కారు అమ్మేసి కరెంటు కారు తెచ్చాడు. తెచ్చినవాడు ఊరుకున్నాడా? ఇంట్లో ప్లగ్గు పెడితే చాలని, శ్రీకాకుళం పోయి రావడానికి ఓ పూట టిఫిను ఖర్చేనని వీధంతా చాటింపు వేశాడు.

పాత కారు అడగాలంటే ఎవరైనా ముందు కాసేపు తల గోక్కునేవారు. తీసుకెళ్తే పెట్రోలు పోయించి, మిఠాయి పొట్లంతో తిరిగొచ్చేవారు. అది మర్యాద. ఈ కారుకి బంకుతో పనే లేదు, ఇక మర్యాద ఎక్కడ పోయిస్తారు? ఎదురింటి జగన్నాధం కూతురి హాస్టలు సామాన్లకి తీసుకెళ్లాడు. పక్కింటి నీలవేణి పంటి నొప్పికి తీసుకెళ్లింది. నొప్పి తగ్గాక, తగ్గిందని డాక్టరుకి చెప్పి రావడానికి మళ్లీ తీసుకెళ్లింది.

ఎచ్చెర్లలో కూర్మమ్మ అక్క జగ్గమ్మ జారిపడి తుంటి విరిగి మంచాన ఉంది. తల్లిని తీసుకెళ్లి చూపించి తెస్తానని త్రినాథ్ మాటిచ్చాడు. ఆదివారం వస్తే చాలు, కూర్మమ్మ మంచి చీర కట్టుకుని, నువ్వుండలు డబ్బాలో సర్దుకుని అరుగు మీద కూర్చునేది. కారు ఎవరి పనో చూసుకుని ఖాళీగా వచ్చేది. ఛార్జింగు ఎక్కేసరికి పొద్దు గుంకేది. నువ్వుండలు త్రినాథే తినేవాడు.

ఒకనాడు అడిగేసింది.

"ఒరే, దీనికి నిజంగా ఎంతవుతాదిరా?"

"సెప్పినాను కదమ్మా, టిఫిను ఖర్చు."

"మరి మా అక్కని సూడకుండా ఎండాకాలం ఎల్లిపోనాది. అది ఏ బిల్లులో ఏసినావు?"

త్రినాథ్ దుకాణానికి వెళ్లిపోయాడు.

ఆ నెల కరెంటు బిల్లు రాగానే కూర్మమ్మ ఫ్యాను ఆపేసి, విసనకర్ర పట్టుకుని అరుగెక్కింది. ఏమైందని నీలవేణి అడిగింది. అడగాలనే కదా కూర్చున్నది. కారు తాగే కరెంటు వల్ల ఇంటి వాడకం పెద్ద రేటులోకి ఎక్కిపోయిందని, ఫ్యాను వేసుకోవాలన్నా భయంగా ఉందని, అయినా ఇరుగుపొరుగు అన్నాక తప్పుతుందా అని నెమ్మదిగా చెప్పింది. సాయంత్రానికి ఆ సంగతి వీధి చివరిదాకా పోయింది.

"పరువు తీసీసినావమ్మా," అన్నాడు త్రినాథ్.

ఆదివారం కారు నిండు ఛార్జింగుతో గుమ్మంలోనే ఉంది.

ఎచ్చెర్లలో జగ్గమ్మ చెల్లెలి చెయ్యి వదల్లేదు. ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావని తిట్టింది, ఏడ్చింది, రెండు నువ్వుండలు తింది. ఆమె కొడుకు గిరిబాబు కారు చుట్టూ తిరిగొచ్చాడు.

"అన్నియ్యా, దీనికి కరెంటు ఎంతవుతాదేటి?"

త్రినాథ్ నోరు తెరిచాడు. కూర్మమ్మ ఆ నోట్లో ఓ నువ్వుండ పెట్టింది.

"శానా అవుతాది నాయినా," అంది. వచ్చే ఆదివారం కూడా రావాలి మరి.