నిమ్మకాయ వెనక అంకె

నేను ఒక నంబరు ప్లేటును. అల్యూమినియం రేకు, దాని మీద పసుపు రంగు, ఆ పసుపు మీద నల్లని అక్షరాలు. నా వైపు చూసేవాళ్లెవరూ నన్ను చూడరు. అంకెలు చదివి వాహనం వైపు, అక్కడి నుంచి యజమాని వైపు వెళ్లిపోతారు. మరొకరి పేరు మోయడమే ఉనికి అయినప్పుడు తనను తాను ఏమని తెలుసుకోవాలన్న ప్రశ్న నాకు మొదటి నుంచీ ఉంది. సమాధానం దొరకలేదు. దొరక్కపోయినా ఆటో నడిచింది.

రవాణా కార్యాలయం ఎదుటి రేకుల షెడ్డులో పెయింటర్ వీర్రాజు నా మీద అంకెలు రాశాడు. ఆ చేత్తోనే మరో రేకు మీదా అవే రాశాడు. నేను ఆటోకు ముందు, అది వెనక. ఒకే పేరుతో ఒకే దారిన తిరుగుతూ మేమిద్దరం ఎన్నడూ ఎదురుపడలేదు. మొదటి యజమాని గంధం సూరిబాబు రొయ్యల వ్యాపారంలోకి మళ్లి ఆటో అమ్మేశాడు. కాగితాల మీద పేరు మారింది, నా మీద ఏమీ మారలేదు. మనుషులు ‘నాది’ అనే మాటను ఎంత గట్టిగా పలుకుతారో, అంత తేలిగ్గా దాన్ని మరొకరి చేతిలో పెడతారు.

కొన్నది నూకరత్నం. ఆమె భర్త సముద్రం మీద వేటకు వెళితే వారాల తరబడి రాడు. ఇంట్లో ఆమె, అత్త అప్పాయమ్మ. పొద్దున పిల్లల్ని బడికి చేర్చడం, సాయంత్రం ఇళ్లకు చేర్చడం నూకరత్నం పని. మా పట్టణంలో పెద్ద కూడలి దగ్గర ఒక కెమెరా ఉంది. ఎదురుగా వచ్చే బళ్లను మాత్రమే అది ఫొటో తీస్తుంది. గీత దాటి ఆగినందుకు ఒకసారి, పక్కన ఒకరిని ఎక్కించుకున్నందుకు ఒకసారి ఆమె ఫోనుకు చలానాలు రావడం మొదలైంది.

అప్పాయమ్మకు కెమెరా సంగతి తెలియదు. “ఎవడో కన్నేశాడే మన బండి మీద. ఊళ్లో ఇన్ని ఆటోలుంటే నీకే ఎందుకొత్తాయి?” అని నిర్ణయించింది. శనివారం పొద్దున నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు తీగకు గుచ్చి తెచ్చి, నా అంచున ఉన్న బెజ్జంలోంచి దూర్చి కట్టింది. నిమ్మకాయ నా చివరి అంకె మీదకు వచ్చి కూర్చుంది. ప్రతి శనివారం పాతది తీసి కొత్తది కట్టేది. చలానాలు ఆగిపోయాయి.

ఇక అప్పాయమ్మను పట్టేవాళ్లు లేరు. వీధిలో ప్రతి ఆటోవాడికీ చెప్పింది. ఆమె తప్పు చెప్పిందని నేననను. ఫలితం నిజం. కారణమూ నిమ్మకాయే. మధ్యలో దారి మాత్రం ఆమె అనుకున్నది కాదు. మనుషుల నమ్మకాలు చాలావరకు ఇలాగే నిలబడతాయేమో.

ఒకరోజు బడి గేటు మూసే వేళ దగ్గరపడటంతో నూకరత్నం ఎర్రలైటు దాటింది. కూడలిలో నిలబడిన ఎస్.ఐ. ఆటో ఆపాడు. ముందుకు వచ్చి వంగి నన్ను చూశాడు.

“నంబరు కనపడకుండా నిమ్మకాయా? తెలివి బాగానే ఉందమ్మా.”

“దిష్టికండి సారూ.”

“ఎవరి దిష్టి? కెమెరాదా?”

పక్కనున్నవాళ్లు నవ్వారు. నన్ను నిమ్మకాయతో సహా విప్పి సంచిలో వేశారు, ఆటోను మాత్రం ఆమెకే వదిలేశారు. కేసు రెండు ముక్కలుగా రాశారు: సిగ్నలు దాటడం ఒకటి, మోసం చేసే ఉద్దేశంతో నంబరు దాచడం మరొకటి. అలా నేను సాక్ష్యమయ్యాను. జీవితమంతా రోడ్డు మీద తిరిగినా ఎన్నడూ లేని గౌరవం అది.

కోర్టు రోజున నన్ను ఒళ్లో పెట్టుకున్న కానిస్టేబుల్ వరండా బల్ల మీద కూర్చున్నాడు. అదే బల్ల రెండో చివర నూకరత్నం. కోర్టు ఆవరణలోని చెట్టు కింద నుంచి ఒక దళారి వచ్చాడు. “అక్కా, రెండూ ఒప్పేసుకో. పిలుత్తారు, తలూపుతావు, ఫైను కట్టేసి ఎల్లిపోతావు. అందరూ చేసేదే.” నిజమే, ఆ వరండాలో అందరూ చేసేదే. అక్కడ ఒప్పుకోవడమంటే నిజం చెప్పడం కాదు, వరసలోంచి బయటపడటం.

ఆమె లేచేదే. గోడ మీద ఉచిత న్యాయ సహాయం బోర్డు కనిపించి ఆగింది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయవాదిని ఇస్తారని దాని మీద ఉంది. లోపలికి వెళ్లి, షాహీన్ అనే న్యాయవాదితో కలిసి తిరిగి వచ్చింది. ఇద్దరూ అదే బల్ల మీద కూర్చున్నారు.

“ఎర్రలైటు దాటారా?”

“దాటానండి.”

“తెలిసేనా?”

“తెలిసేనండి. గేటు మూసేత్తారని.”

“అయితే అది ఒప్పుకోండి. నంబరు దాచాలని కట్టారా?”

“లేదండి మేడంగారూ. మా అత్త కట్టింది, దిష్టికి.”

“అయితే అది ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటే ఫైనుతో పోదు. మోసం చేశానని మీ నోటితో మీరే చెప్పినట్టు రికార్డులో ఉండిపోతుంది.”

నూకరత్నం గొంతు తగ్గింది. “బడోళ్లు అదే చెప్పారండి. మోసం కేసు రుజువైతే పిల్లల్ని నా బండి ఎక్కించరంట. ఆ పిల్లలే లేపోతే నాకు బండెందుకండి?”

లోపల నన్ను బల్ల మీద పెట్టారు. నిమ్మకాయ ఎండి గట్టిపడింది. షాహీన్ ఆటో వెనక వైపు ఫొటో చూపించింది. అక్కడ ప్లేటు శుభ్రంగా, అంకెలన్నీ కనిపిస్తూ ఉంది. దాచాలనుకున్న మనిషి సగం దాచి ఊరుకోదని ఆమె వాదన. నా జంటను నేను మొదటిసారి చూసింది ఆ ఫొటోలోనే.

ప్రభుత్వ న్యాయవాది లేచి, నిమ్మకాయ కట్టాకే చలానాలు ఆగాయన్న సంగతి ఎత్తబోయాడు. ఈలోగా వెనక బెంచీ నుంచి అప్పాయమ్మ లేచి నిలబడింది.

“బాబుగారూ, అది కట్టిన కాడ్నుంచి ఒక్కటంటే ఒక్క చలానా రాలేదండి! అంత పవరండి దానికి!”

“అత్తా, కూకో!” అంది నూకరత్నం. షాహీన్ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ప్రభుత్వ న్యాయవాది చేతులు చాచి, తాను చెప్పవలసింది ఇంకేమీ లేదన్నట్టు కూర్చున్నాడు.

మేజిస్ట్రేటు పెన్ను కింద పెట్టాడు. “ఎందుకు రాలేదమ్మా?”

“దిష్టి పోయిందండి.”

“నంబరు మీద పడేలా ఎందుకు కట్టావు?”

“నంబరేటండి? నాకు సదువు రాదండి. ఆడ బొక్కుందని కట్టానండి. తమరి కారుకీ కట్టించుకోండి బాబుగారూ, నిమ్మకాయ నేనిత్తాను.”

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. నూకరత్నం వైపు తిరిగాడు.

“మీకు చదువు వచ్చు కదా. మీరు చూడలేదా?”

నవ్వు ఆగిపోయింది. లేదనడం చాలా తేలిక. కాదనగల సాక్షి అక్కడ ఎవరూ లేరు, నేను తప్ప.

“చూశానండి,” అంది ఆమె. “అంకె మీదకొచ్చిందని చూశాను. పక్కకి జరుపుదామనే అనుకున్నాను. చలానాలు ఆగాయి గదా, కదిపితే మళ్లీ దిష్టి తగులుద్దేమోనని ఊరుకున్నానండి.”

షాహీన్ ముఖంలోకి చూశాను. ఈ జవాబు ఆమె నేర్పినది కాదు.

నేను ఆ నిమ్మకాయ కిందే ఉన్నాను. నూకరత్నం వంగి నన్ను చూసిన ఉదయాలున్నాయి. ఆ చూపులో భయం ఎంతో, లాభం ఎంతో నేను విడదీయలేను. ఆమే విడదీయగలదని నాకు నమ్మకం లేదు. చట్టం ఉద్దేశాన్ని అడుగుతుంది. ఉద్దేశం మాత్రం తనను మోసే మనిషికి కూడా పూర్తిగా ముఖం చూపించదు.

మేజిస్ట్రేటు కొంతసేపు రాసుకున్నాడు. సిగ్నలు దాటినందుకు జరిమానా. నంబరు దాచిన నేరానికి మోసపు ఉద్దేశం రుజువు కాలేదని కొట్టివేత. అబద్ధం చెప్పడానికి వీలున్నచోట చెప్పని మనిషి మాట నమ్మదగినదని ఒక వాక్యం చేర్చాడు. రెండు ప్లేట్లూ మార్చి కొత్తవి బిగించాలని, వాటి మీద ఏదీ కట్టరాదని ఆదేశించాడు. నన్ను కావాలంటే తీసుకుపోవచ్చని చెప్పాడు.

నూకరత్నం చేతులు జోడించి, గోడ గడియారం చూసి పరుగెత్తింది. బడి వదిలే వేళయింది. వెనక నుంచి అప్పాయమ్మ, “పొద్దుటే చెప్పాను గదే, అంతా మంచే జరుగుద్దని!” అంటూ నడిచింది.

నన్ను కోర్టులో సాక్ష్యపు వస్తువులు దాచే గదిలో ఒక అర మీద పెట్టారు. తాడుతో ఒక చీటీ కట్టి, దాని మీద కేసు నంబరు వేశారు. ఇప్పుడు నాకు రెండు నంబర్లు, రెండూ నావి కావు. ఇక్కడ చీకటి, దుమ్ము, అప్పుడప్పుడు తలుపు చప్పుడు. తలుపు తెరిచినప్పుడల్లా ఎవరో తమ వస్తువు కోసం వస్తారు. ఆ వచ్చేవాళ్లకు సాధారణంగా తీరిక ఎక్కువ, పని తక్కువ.

నూకరత్నం ఇంతవరకు రాలేదు.