రెండో గుండీ

ఆమెకు ప్రయాణం ముందుగా చెప్పి రాదు. స్టూడియోలో ఎవరి పాస్‌పోర్టు ఫొటో కోసమో తెల్లగుడ్డ సర్దుతూ ఉంటుంది. కిటికీలోంచి ఎండ కాస్త పసుపుగా పడుతుంది. అంతే, మనసు జారిపోతుంది. చేతిలో ఉన్న ఆ ఒక్క ఫొటో బుద్ధిగా తీసి, కెమెరా సంచీ భుజాన వేసుకుని, చెప్పాపెట్టకుండా బస్టాండుకు వెళ్లి, కిటికీ పక్క సీటు ఖాళీగా కనిపించిన మొదటి బస్సు ఎక్కేస్తుంది. బోర్డు చదవదు. కండక్టరు అడిగితే "ఆఖరి స్టాపు" అంటుంది. నలభై దాటినా ఈ జబ్బు నయం కాలేదు. వదిన ఆమెకు పెట్టిన పేరు గాలిపటం. స్టూడియో అన్నాచెల్లెళ్లిద్దరిదీ. చెల్లెలు ఎగిరిపోయిన రోజుల్లో జనాన్ని తెల్లగుడ్డ ముందు కూర్చోబెట్టి గడ్డాలు సరిచేసే పని వదిన నెత్తిన పడుతుంది. అందుకే ఆ పేరులో ముద్దు ఎంతుందో మంటా అంతే ఉంది.

అలాగని గాలికి తిరిగొచ్చే మనిషీ కాదు. ఏ ఊళ్లో దిగితే ఆ ఊళ్లో, ఫొటో అన్నదే లేనివాళ్లను వెతుక్కుంటుంది. సంచీలో చెప్పుల డబ్బా అంత ప్రింటరు ఉంది. అందులో అచ్చు తీసి ఊరికే ఇచ్చేస్తుంది. ఇచ్చేస్తుంది అనడం కూడా పూర్తి నిజం కాదు. ఎవరో ఒకరి చేతికి కట్ట అప్పగించి, పంచమని చెప్పి, వాళ్లు చూసుకునేలోపే బస్సెక్కేస్తుంది. తన ముఖం తాను చూసుకున్నప్పుడు మనిషి ముఖం ఎలా మారుతుందో ఆమె ఏనాడూ చూడలేదు. నచ్చలేదంటారేమోనని భయం. ఇంత అనుభవం ఉన్న మనిషికి ఇదేం పిరికితనమో.

ఈసారి ఆఖరి స్టాపు ఒక కళ్లాసుపత్రి గేటు ఎదురుగా వచ్చింది. డబ్బు తీసుకోకుండా వైద్యం చేసే చోటు. పొడుగాటి వరండా, పొడవునా ఆకుపచ్చ కర్టెన్లు. వాటిలోంచి వచ్చిన వెలుతురు నేల మీద చెరువు నీళ్లలా కదులుతోంది. ఒక కంటికి కట్టున్న వాళ్లు ముందువాళ్ల భుజం మీద చెయ్యి వేసి, వరసగా, తొందర లేకుండా నడుస్తున్నారు. అందరూ మెల్లగా మాట్లాడుతున్నారు. తాను నిద్రలో ఉన్నానేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. నిద్రయితే మాత్రం లేవకూడదనుకుంది.

వార్డు చూసే పెద్ద సిస్టర్‌ను పట్టుకుని అడిగింది. "ఆపరేషనుకు ముందు అందరికీ ఫొటో తీస్తాను సిస్టర్. కట్టు విప్పగానే మొదట ఎవరి ముఖం వాళ్లు చూసుకుంటారు."

"బాగానే ఉంది గానీ ఫ్లాషు కొట్టావో, కెమెరా నా బీరువాలోకి పోతుంది," అంది సిస్టర్.

ఫ్లాషు ఆమెకు అవసరమే లేదు. నవ్వమనీ చెప్పదు. మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, "మీకిష్టమైన వాళ్ల గురించి ఏదైనా చెప్పండి" అంటుంది. తను కెమెరాకు కన్ను ఆనించి వింటుంది. చెప్తూ చెప్తూ ఎక్కడో ఒకచోట మనిషి ఫొటో సంగతి మరిచిపోతాడు. అప్పుడు నొక్కుతుంది.

మూల మంచం మీద ఒక ముసలమ్మ ఉంది. బట్టలు కుట్టే దుకాణంలో ఏళ్ల తరబడి కాజాలు తీసి, గుండీలు కుట్టిన చేతులు. వార్డంతా ఆమెను కాజాల మామ్మ అనే పిలుస్తోంది. రెండు కళ్లకూ పొర ముదిరిపోయి, వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనదు. మేనల్లుడు బతిమాలి తీసుకొస్తే, ఇక్కడికొచ్చాక ఆపరేషను వద్దని మొండికేసింది. ఇప్పుడు కాదంటే ఆ తర్వాత చేసినా చూపు రాదని డాక్టరు చెప్పినా వినలేదు. మేనల్లుడు విసిగిపోయి టీ తాగొస్తానని బయటికి వెళ్లాడు.

"ఎందుకొద్దంటున్నావు పెద్దమ్మా?" అని అడిగింది ఫొటోలావిడ, మంచం పక్కన కూర్చుని.

"కళ్లొచ్చి ఏం చూడాలే? మా అమ్మ ముఖమే మరిచిపోయాను. ఒకప్పుడు కళ్లు మూసుకుంటే కనిపించేది. ఈ పొర లోపలికి కూడా పాకినట్టుంది. ఒక్క ఫొటో లేదు. ఇంకెవరి ముఖం చూస్తే నాకేం?" గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. "నువ్వు ఫొటోలు తీస్తావటగా. మా అమ్మది తియ్యి. అప్పుడు చేయించుకుంటాను."

పక్క మంచాల వాళ్లు నవ్వారు. ఆ సమయానికి ఫొటోలావిడ ధ్యాసంతా ముసలమ్మ చెంప మీద పడిన ఆకుపచ్చ వెలుతురు మీద ఉంది. చిన్నపిల్లలకు చెప్పినట్టు, "తీస్తాన్లే పెద్దమ్మా," అనేసింది.

ముసలమ్మ నవ్వలేదు. "సిస్టర్! నా పేరు రాసుకోండి," అని కేకేసింది.

అప్పుడు గానీ ఫొటోలావిడకు మెలకువ రాలేదు. ఇప్పుడు కాదంటే ముసలమ్మ మళ్లీ ఆపరేషను వద్దంటుంది. అవునంటే అది పచ్చి అబద్ధం. సిస్టర్ అప్పటికే పేరు రాసేసుకుంది.

మరునాడు ముసలమ్మను కిటికీ పక్కకు తెచ్చేసరికి ఆమె ఆసుపత్రి చొక్కా తడుముకుంటూ తిట్టుకుంటోంది. "ఎవడు కుట్టాడే ఈ రెండో గుండీ? దారం అడ్డదిడ్డంగా ఉంది. పీకి మళ్లీ నేనే కుట్టుకున్నాను."

"తెల్ల గుండీకి నల్ల దారం వేశావు పెద్దమ్మా."

"పక్కావిడ ఏది ఇస్తే అది. ఊడకుండా ఉంటే చాలు, రంగు నాకెందుకు?"

"సరే, మీ అమ్మ గురించి చెప్పు."

"ముఖం గుర్తు లేదన్నానుగా."

"ముఖం వద్దు. నీకు గుండీ ఊడిపోతే ఏం చేసేది?"

"ఏం చేసేదా? చొక్కా పట్టుకుని దగ్గరికి లాగేది. ఒంటి మీద ఉండగానే కుట్టేది. సూది గుచ్చుకుంటుందని నేను ఊపిరి బిగబట్టేదాన్ని. చివర్లో దారాన్ని పక్కపళ్లతో పుటుక్కున కొరికేది, ఇలా. కొరికి, వీపు మీద ఒక్కటి చరిచి, 'ఇక వెళ్లు' అనేది."

'ఇలా' అని చూపించినప్పుడు ముసలమ్మ పెదవి ఒక పక్కకు లాక్కుంది, ఎడమ కనుబొమ్మ పైకి లేచింది. కెమెరా చప్పుడైంది.

ఆపరేషను బాగానే జరిగింది. ఆ సాయంత్రం లాడ్జి గదిలో ఫొటోలన్నీ మంచం మీద పరిచి చూసుకుంది. ముసలమ్మది అన్నిటికన్నా బాగా వచ్చింది. అయితే ఏం, అది ముసలమ్మదే. అమ్మను ఎక్కడి నుంచి తెస్తుంది? తెల్లారగానే కట్ట తీసుకెళ్లి పెద్ద సిస్టర్ చేతిలో పెట్టి, బస్టాండుకు నడిచింది. బయలుదేరబోతున్న బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. కూర్చుంది. ఫోను మోగింది.

"ఏ ఊళ్లో తేలావే గాలిపటం?" అంది వదిన.

"ఊరి పేరు చూడలేదు వదినా. వచ్చేస్తున్నా."

"గొంతేంటి అలా ఉంది?"

"ఒకావిడకు మాటిచ్చాను. తీర్చలేనిది. ఇవాళ కట్టు విప్పుతారు."

"అయితే ఎదురుగా నిలబడి తిట్లు తిను. నీ తరఫున ఇక్కడ నేను తినట్లేదూ?" అని వదిన ఫోను పెట్టేసింది.

ఆమె బస్సు దిగింది. కిటికీ పక్క సీటు వదిలి దిగడం ఆమె ఎరగదు. ఆసుపత్రి దాకా పరుగులాంటి నడక నడిచింది.

అప్పటికే కట్టు విప్పేశారు. ముసలమ్మ మంచం మీద కూర్చుని, నీళ్లు కారుతున్న కంటిని చికిలించి, ఫొటోను చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూస్తోంది. ఫొటోలావిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అమ్మ," అంది ముసలమ్మ.

పక్క మంచాల వాళ్లు ఇటు తిరిగారు.

"సిస్టర్, మా అమ్మే ఇది! ఆ పిల్లకు ఎక్కడ దొరికింది?" అంటూ బొటనవేలితో ఫొటోలోని కనుబొమ్మను నిమిరింది. ఆమె తన ముఖం అద్దంలో చూసుకుని ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లలో చెంపలు ఎప్పుడు జారాయో, జుట్టు ఎప్పుడు పండిందో ఆమెకు తెలియదు.

సిస్టర్ ఏదో చెప్పబోయింది. ఫొటోలావిడ గుమ్మంలోంచే వద్దన్నట్టు తలూపింది. ఉండనీ, ఆ సంతోషం అలాగే ఉండనీ అనుకుంది.

కానీ ముసలమ్మ చూపు మెల్లగా ముఖం మీంచి మెడకు, మెడ మీంచి చొక్కాకు దిగింది. రెండో గుండీ దగ్గర ఆగింది. తెల్ల గుండీ, నల్ల దారం. ఆమె చెయ్యి తన గుండెల మీదికి వెళ్లింది. వంగి చొక్కా చూసుకుంది, ఫొటో చూసింది, మళ్లీ చొక్కా చూసుకుంది.

"ఈ కుట్టు నాదే," అంది.

"పెద్దమ్మా, నిన్ను మోసం చేయాలని కాదు..." అంటూ ఫొటోలావిడ దగ్గరికి వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ముసలమ్మ వేలెత్తి ఆగమంది. ఆ వేలితోనే తన ఎడమ కనుబొమ్మను, చెంపను, పెదవి మూలను ఒక్కొక్కటిగా తడుముకుంది.

"ఇక్కడే ఉందా ఈవిడ?" అంది. "నేను ఊరంతా వెతుకుతున్నాను."

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కంట్లో నీళ్లు కూడదని సిస్టర్ కసురుతూనే తనూ ముక్కు ఎగబీల్చింది. ముసలమ్మ చొక్కా అంచుతో చెంపలు తుడుచుకుని, ఫొటోలావిడను పైనుంచి కింది దాకా పరీక్షగా చూసింది. ఉన్నట్టుండి ఆమె చొక్కా పట్టుకుని దగ్గరికి లాగింది.

"గుండీ ఊడి వేలాడుతోంది, చూసుకోవా? ఇలాగే ఊళ్లు తిరుగుతున్నావా?"

"మామ్మగారూ, ఇప్పుడే కుట్టుపని పెట్టుకోకూడదు," అంది సిస్టర్.

"కళ్లతో కాదులే, వేళ్లతో," అంది ముసలమ్మ, దిండు కింద సూది వెతుకుతూ.

ఒంటి మీద ఉండగానే కుట్టింది. ఫొటోలావిడ ఊపిరి బిగబట్టింది. కెమెరా మెడలోనే ఉంది, తియ్యాలని తోచలేదు. ముసలమ్మ పెదవి పక్కకు లాక్కుంది, కనుబొమ్మ పైకి లేచింది, దారం పుటుక్కున తెగింది. వీపు మీద ఒక్క చరుపు పడింది.

"ఇక వెళ్లు."

ఎవరూ వెళ్లమనకుండానే ఇన్ని ఊళ్లు వదిలి వెళ్లిపోయిన మనిషి, ఆ మంచం పక్కనే నేల మీద కూర్చుండిపోయింది.