పదకొండో మెట్టు

మధ్యాహ్నం మూడింటికి చెల్లెలికి అక్క ఫోను చేసింది. డ్యూటీలో ఉండగా ఆమె ఎప్పుడూ చెయ్యదు.

"లాప్‌టాప్ చచ్చిందే! అప్‌డేట్ అంటూ రీస్టార్ట్ అయింది, తెర నల్లబడిపోయింది. కాన్పు గదిలో ఉన్నా. బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో అందులోనే చూడాలి. రెండో లాప్‌టాప్ పక్క గదిలో ఇంకొకామెకి పెట్టారు."

అక్క కాన్పుల డాక్టరు. చెల్లెలు లాప్‌టాప్ తెర వెలుగును నడిపే డ్రైవరు రాస్తుంది. మీట నొక్కితే తెర ఎంత వెలగాలో యంత్రానికి చెప్పే ప్రోగ్రాము అది. ఆమె రాసిన కొత్త డ్రైవరు ఆ ఉదయమే వేల లాప్‌టాప్‌లకు వెళ్ళింది.

"లోపల ఫ్యాను తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

అంటే యంత్రం బతికే ఉంది, ఆరింది తెర వెలుగే. పాత డ్రైవరుకు వెలుగు పదిహేను మెట్లు. కొత్తదానికి నాలుగు వేలు. ఆగిపోయే ముందు పాతది పదకొండో మెట్టని రాసిపెట్టి ఉంటే, కొత్తది ఆ అంకెను అలాగే తీసుకుంటుంది. పదిహేనులో పదకొండంటే మంచి వెలుగు. నాలుగు వేలలో పదకొండంటే చీకటే. పాత అంకెను కొత్త లెక్కలోకి మార్చే వరస ప్రోగ్రాములో రాయడం మరిచింది తనే.

"ఆపి మళ్ళీ వెయ్యనా?"

"వద్దక్కా! మళ్ళీ ఇలాగే వస్తుంది. తెరమీద బొమ్మ ఉంది, వెనక వెలుగే లేదు. టార్చి వేసి పక్కనుంచి ఏటవాలుగా చూడు."

"సిస్టర్, టార్చి ఇలా పట్టండి." అక్క నర్సుతో అని, మళ్ళీ ఫోనులోకి వచ్చింది. "ఏదో మసగ్గా కనిపిస్తోంది. నూట ఎనభయ్యా? ఎనభయ్యా? తెలీట్లేదే!"

"వెలుగు పెంచే మీట నొక్కు."

"నొక్కా. ఏం లేదు."

"ఒక్కో నొక్కుకి ఒక్క మెట్టే ఎక్కుతుంది. నొక్కి పట్టుకో, వదలకు."

అవతల ఎవరో మూలిగారు. చెల్లెలు చెవికి ఫోను నొక్కుకుని నిలబడిపోయింది. అర నిమిషం గడిచింది.

"వస్తోంది... ఎనభై. బిడ్డ గుండె వేగం పడిపోతోంది! ఆపరేషన్ గదికి పదండి!"

ఫోను కట్టయింది.

చెల్లెలు పరుగున టీము పెద్ద దగ్గరికి వెళ్ళింది. ఏది అడిగినా అరగంట ఉపన్యాసం ఇస్తాడని ఆయనకు 'సుత్తి' అని పేరు.

"అప్‌డేట్ ఆపించండి సార్. తప్పు నాది."

"పరీక్షించాం కదమ్మా?"

"కొత్త లాప్‌టాప్‌ల మీద. పాతవాటి మీద చూడలేదు."

ఆయన నోరు మెదపకుండా అప్‌డేట్ ఆపేశాడు. ఆమె కూర్చుని మరిచిన వరస రాయబోయింది. రెండుసార్లు చెరిపి రాసింది. ఫోను మోగలేదు. మూడోసారి రాసి, స్టోరులో మూలపడిన పాత లాప్‌టాప్‌లు తెప్పించి, ఒక్కొక్కటి ఆపి వేసి చూసింది. ఐదోది వెలిగేసరికి ఫోను మోగింది.

"ఆడపిల్ల. ముందు ఏడవలేదు, తర్వాత గది ఎగిరిపోయేలా ఏడ్చింది. తల్లి బాగుంది. టార్చి మాట నీకెలా తట్టిందే?"

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ చెల్లెలు ఊరుకోలేకపోయింది.

"ఆ డ్రైవరు నేను రాసిందే అక్కా. తప్పు నాదే."

అక్క పక్కకు వచ్చి తలుపు మూసిన చప్పుడైంది.

"ఆ తల్లికి నేనేం చెప్పను?"

"నేనే వస్తా. నేనే చెప్తా."

"రా," అంది అక్క.

చెల్లెలు బ్యాగు తీసుకుని లేచింది.